ఓటరుకు చెప్పాల్సింది ఏమిటి? వరంగల్ నుంచి ఒక సమీక్ష

2024 మే 27న వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల శాసనమండలి స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. జాబితాలో 4,63,839 మంది ఉంటే 3,36,013 మంది ఓటేశారు. 72.44 శాతం పోలింగ్ అంటే ఏ అధికారైనా సంతోషించే మాటే. లెక్కింపు బల్లల మీదికి వచ్చేసరికి అందులో 25,824 ఓట్లు చెల్లకుండా పోయాయి. ప్రతి 13 మందిలో ఒకరి ఓటు వృథా. మొదటి ప్రాధాన్య ఓట్లలో తీన్మార్ మల్లన్నకూ రెండో స్థానంలోని రాకేశ్‌రెడ్డికీ మధ్య తేడా 18,565 మాత్రమే. చెల్లని ఓట్లు ఆ తేడాను మించిపోయాయి. ఓటేసిన వాళ్లంతా డిగ్రీ చదివినవాళ్లు, దరఖాస్తు పెట్టుకుని మరీ ఓటరైనవాళ్లు.

ఓటర్ల చైతన్యం గురించి మన దగ్గర పదిహేనేళ్లుగా సాగుతున్న చర్చ ఈ ఒక్క లెక్క దగ్గర తడబడుతుంది. పోలింగ్ శాతం పెరిగితే చైతన్యం పెరిగినట్టేనా? ఎన్నికల సంఘం చెప్పాల్సింది ‘ఓటు వేయండి’ అనా, ‘ఇలా వేయండి’ అనా, లేక ‘ఎవరికి వేస్తున్నారో తెలుసుకుని వేయండి’ అనా? అసలు జాబితాలో పేరే లేని మనిషికి ఈ మూడింటిలో ఏది చెప్పినా ఉపయోగం ఏముంది? ఒక్కో ప్రశ్న వెనుక ఒక్కో వాదం ఉంది. వాటిని విడివిడిగా చూస్తే తప్ప చిక్కు విడిపోదు.

గుర్తుల కాలం నుంచి స్వీప్ దాకా

రాజ్యాంగం అమల్లోకి రావడానికి ఒక్కరోజు ముందు, 1950 జనవరి 25న కేంద్ర ఎన్నికల సంఘం ఏర్పడింది. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ముందున్న పని మామూలుది కాదు. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. 1951 జనగణన ప్రకారం అక్షరాస్యత 18 శాతం. అప్పుడు తీసిన ఉపాయం చాలా సాదా. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు బ్యాలెట్ మీద ఏమీ గీయనక్కర్లేదు, తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే చాలు. ప్రచారం కూడా ఆ పద్ధతి చుట్టూ తిరిగింది. నమూనా పోలింగ్‌లు పెట్టారు, సినిమా హాళ్లలో చిన్న చిత్రాలు వేశారు, రేడియోలో ప్రసంగాలు ఇప్పించారు. చెప్పిందంతా ఓటు వేసే తీరు గురించే.

జాబితా విషయంలోనూ సేన్ ఒక గట్టి నిర్ణయం తీసుకున్నారు. ఉత్తరాదిలో చాలామంది మహిళలు సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్య అనో, ఫలానా వారి కూతురు అనో రాయించుకున్నారు. అలాంటి నమోదులను ఆయన ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల మంది మహిళలు మొదటి ఎన్నికల్లో ఓటు కోల్పోయారు. ఆ కఠినత్వం సరైందా కాదా అన్నది ఇవాళ్టికీ వాదనే. రెండో ఎన్నికల నాటికి మహిళలు సొంత పేర్లతో నమోదు కావడం పెరిగిందన్నది మాత్రం నిజం.

వరంగల్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. రజాకార్ల కాలం, సాయుధ పోరాటం, పోలీసు చర్య అన్నీ కళ్ల ముందు జరిగి మూడు నాలుగేళ్లయినా కాలేదు. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో ఆ నాయకులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో బరిలోకి దిగారు. 1952లో వరంగల్ లోక్‌సభ స్థానంలో పీడీఎఫ్ తరఫున పెండ్యాల రాఘవరావు గెలిచారు, కాంగ్రెస్ తరఫున నిలిచిన కాళోజీ నారాయణరావు ఓడిపోయారు. పొరుగున నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఓటు విలువ ఈ జనానికి ఏ పోస్టరూ నేర్పలేదు, దున్నేవాడికి భూమి కావాలన్న పోరాటం నేర్పింది. ఓటరు చైతన్యమంటే ప్రభుత్వ కార్యక్రమమే అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాతి ఐదు దశాబ్దాల్లో సంఘం దృష్టి ఎక్కువగా నిర్వహణ మీదే నిలిచింది. పెట్టెల పద్ధతి పోయి బ్యాలెట్ మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ప్రధాన కమిషనర్ శేషన్ హయాంలో 1993 నుంచి ఫొటో గుర్తింపు కార్డులు మొదలయ్యాయి. 2004 నాటికి దేశమంతా ఓటింగ్ యంత్రాలే.

అసలు మలుపు 2009-10లో వచ్చింది. 2009 సార్వత్రిక ఎన్నికల్లో దేశవ్యాప్త పోలింగ్ 58.19 శాతం దగ్గర ఆగింది. అంతకుముందు ఎన్నికతో పోలిస్తే పెద్ద తేడా లేదు. ఆ తర్వాత ఎస్.వై. ఖురేషీ ప్రధాన కమిషనర్‌గా ఉన్న కాలంలో ‘స్వీప్’ కార్యక్రమం నిలదొక్కుకుంది. ఓటర్లకు క్రమపద్ధతిలో అవగాహన కల్పించి పోలింగ్ పెంచడం దాని లక్ష్యం. 2011 నుంచి జనవరి 25ను జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. 2018లో బడులు, కాలేజీల్లో ఎలక్టోరల్ లిటరసీ క్లబ్బులు మొదలయ్యాయి. 1950 హెల్ప్‌లైన్, ఓటర్ హెల్ప్‌లైన్ యాప్, ఫిర్యాదులకు సీ-విజిల్, దివ్యాంగులకు సక్షమ్, అభ్యర్థుల వివరాలకు కేవైసీ యాప్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సచిన్ తెందూల్కర్ లాంటివారు జాతీయ ప్రచారకర్తలయ్యారు.

పోలింగ్ కేంద్రానికి రప్పిస్తే సగం గెలిచినట్టే అనేవారు

స్వీప్‌ను సమర్థించేవారి వాదం తేలికగా కొట్టిపారేసేది కాదు. 2014లో దేశవ్యాప్త పోలింగ్ 66.44 శాతానికి, 2019లో 67.40 శాతానికి చేరింది. 2024లో మండుటెండల్లోనూ 65.79 దగ్గర నిలిచింది. ఒకప్పుడు పురుషుల కంటే బాగా వెనకబడిన మహిళల పోలింగ్ 2019 నాటికి వారిని దాటేసింది. ప్రచారం లేకుండా ఇదంతా జరిగేదా అని వారడుగుతారు.

ఎదురు ప్రశ్న కూడా ఉంది. 2014లో గట్టి పోటీ ఉంది, పార్టీల ప్రచారం ఊరూరా హోరెత్తింది, జాబితాల ప్రక్షాళన జరిగింది. పెరిగిన శాతంలో ముగ్గుల పోటీల వాటా ఎంత, పార్టీ కార్యకర్తల వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. అమెరికాలోని న్యూహేవెన్‌లో 1998లో గెర్బర్, గ్రీన్ అనే పరిశోధకులు ఓటర్లను గుంపులుగా విభజించి ప్రయోగం చేశారు. ఇంటికి వెళ్లి మనిషితో ముఖాముఖి మాట్లాడితే పోలింగ్ గణనీయంగా పెరిగింది. ఉత్తరాల ప్రభావం స్వల్పం, ఫోన్ కాల్స్ ప్రభావం దాదాపు శూన్యం. మన దేశంలో స్వీప్‌కు ఈ స్థాయి పరీక్ష జిల్లాల వారీగా జరగలేదు. సర్వేలు చేస్తారు, నివేదికలు రాస్తారు. కానీ ఒక మండలంలో కళాజాత పెట్టి, పక్క మండలంలో ఇంటింటికీ తిరిగి, మరో మండలంలో ఏమీ చేయకుండా పోల్చి చూసే ఓపిక కనిపించదు.

వరంగల్‌లో కనిపించేదీ అదే తంతు. ఎన్నికలొచ్చాయంటే టూ-కే రన్, మానవహారం, ఓటరు ప్రతిజ్ఞ, ముగ్గులు, సెల్ఫీ పాయింట్, కాలేజీల్లో ఫ్లాష్ మాబ్, సాంస్కృతిక సారథి కళాకారుల పాటలు. హన్మకొండ, కాజీపేట వీధుల్లో ఈ సందడి ఎక్కువ. పోలింగ్ మాత్రం పాలకుర్తి, పరకాల లాంటి గ్రామీణ నియోజకవర్గాల్లో ఎక్కువగా ఉంటుంది, వరంగల్ పశ్చిమ వెనకబడుతుంది. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లోని 66 డివిజన్లకు 2021 ఏప్రిల్ 30న జరిగిన ఎన్నికల్లో దాదాపు సగం మందే ఓటేశారు. అప్పుడు కరోనా రెండో దశ ఉధృతంగా ఉందన్న మాట నిజమే. అయినా 2019 జనవరిలో రాష్ట్రంలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ 80 శాతం దాటిందని గుర్తుచేసుకుంటే ప్రచారానికీ పోలింగ్‌కూ మధ్య సంబంధం అంత సూటిగా లేదని ఒప్పుకోవాలి. సర్పంచ్ ఎవరో, ఆయన గెలిస్తే తన వాడకు ఏమవుతుందో పల్లె ఓటరుకు తెలుసు. కార్పొరేటర్ పేరు అపార్ట్‌మెంట్‌లో చాలామందికి తెలియదు.

జాబితా సరిగా లేకపోతే మిగతాదంతా వృథా అనేవారు

రెండో వాదం తెలుగునాట గట్టిగా వినిపించింది. 1996లో మొదలైన లోక్‌సత్తా ఉద్యమం తొలి రోజుల్లో చేపట్టిన పనుల్లో ఓటరు జాబితాల తనిఖీ ముఖ్యమైనది. ఇంటింటికీ తిరిగి జాబితాతో సరిపోల్చి, తప్పులు పల్లెల్లో కంటే నగరాల్లో చాలా ఎక్కువని ఆ ఉద్యమం చూపింది. జాబితాలు పోస్టాఫీసుల్లో అందరికీ కనిపించాలన్నది వారి డిమాండ్. జాబితాను ముందు ఓటరు చేతికివ్వండి, చైతన్యం సంగతి తర్వాత చూద్దాం అన్నది ఈ వాదం సారం.

2018 దీనికి బలమైన రుజువు. 2015 మార్చిలో కేంద్ర ఎన్నికల సంఘం జాబితాల శుద్ధి పేరుతో ఆధార్ అనుసంధానం చేపట్టింది. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఆధార్ వినియోగంపై ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది ఆగింది. ఆగే లోపే తెలంగాణలో పెద్ద ఎత్తున పేర్లు పోయాయన్న ఆరోపణలు వచ్చాయి. 2014లో సుమారు 2.8 కోట్లున్న రాష్ట్ర ఓటర్ల సంఖ్య 2018 సెప్టెంబర్ ముసాయిదాలో 2.61 కోట్లుగా కనిపించింది. చేర్పుల తర్వాత మళ్లీ పెరిగినా, డిసెంబర్ 7న పోలింగ్ కేంద్రానికి వెళ్లి పేరు లేదని వెనుదిరిగిన వారు ఎందరో. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి జ్వాలా గుత్తా కూడా తన పేరు గల్లంతైందని బహిరంగంగా చెప్పారు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్‌కుమార్ ఓటర్లకు క్షమాపణ చెప్పారు. ఎన్నికల అధికారి అలా క్షమాపణ చెప్పడం మన దగ్గర అరుదు. ఆ మాట గౌరవించదగ్గది, దాని వెనకున్న వైఫల్యం క్షమించదగ్గది కాదు.

2021 చట్ట సవరణతో ఆధార్ మళ్లీ తెరమీదికి వచ్చింది, ఈసారి ఐచ్ఛికమన్న ముద్రతో. దరఖాస్తు ఫారాలు మాత్రం ఐచ్ఛికమన్న భావన కలిగించేలా లేవని తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆధార్ తప్పనిసరి కాదని, ఫారాల్లో స్పష్టత తెచ్చే విషయం పరిశీలిస్తామని 2023 సెప్టెంబర్‌లో సంఘం కోర్టుకు చెప్పింది. ఓటరుకు ఇచ్చే సమాచారం ఎంత సూటిగా ఉండాలో చెప్పే కేసు ఇది. ‘ఇవ్వకపోయినా ఫరవాలేదు’ అన్న చిన్న వాక్యం ఫారంలో లేకపోవడం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

బీహార్‌లో 2025లో చేపట్టిన జాబితాల ప్రత్యేక ముమ్మర సవరణతో ఈ వాదానికి మరింత పదును వచ్చింది. ఆగస్టు 1 ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. తొలగించిన పేర్లను కారణాలతో సహా బూత్ స్థాయిలో ప్రదర్శించాలని, పత్రికలు, రేడియో, టీవీల ద్వారా ప్రచారం చేయాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఓటరు చైతన్యంపై ఇన్నేళ్లు శ్రమించిన సంఘానికి తొలగింపుల జాబితా పెట్టండని కోర్టు చెప్పాల్సి రావడం విచారకరం. ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రకటించిన రెండో విడతలోని 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో తెలంగాణ లేదు.

జాబితా లోపం పోలింగ్ శాతాన్ని కూడా వంకర చేస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో భువనగిరిలో 76.78 శాతం నమోదైతే హైదరాబాద్‌లో 48.48. ఈ తేడానంతా నగరవాసి బద్ధకం ఖాతాలో వేయడం అలవాటైపోయింది. హైదరాబాద్ జాబితాలో ఉన్నవారిలో ఎందరు ఊరు మారారు, ఎందరికి సొంతూళ్లోనూ ఓటుంది, ఎందరు చనిపోయారు అన్నది తేలకుండా ఆ శాతం పూర్తి నిజం చెప్పదు. వరంగల్ పల్లెల నుంచి ఉప్పల్, బోడుప్పల్ వైపు వలస వెళ్లిన కుటుంబాల్లో ఓటు ఎక్కడున్నదన్నది పెద్ద చర్చే.

అభ్యర్థి గురించి తెలియాలి అనేవారు

మూడో వర్గానికి పోలింగ్ శాతం ముఖ్యం కాదు, ఎంపిక నాణ్యత ముఖ్యం. ఏడీఆర్ సంస్థ కేసులో 2002లో, పీయూసీఎల్ కేసులో 2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులతో అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కయింది. ఫారం-26 అఫిడవిట్ అందుకే. 2013 సెప్టెంబర్ 27 తీర్పుతో నోటా వచ్చింది.

ఈ సమాచారం ఇస్తే ఓటరు మారతాడా? 2008 ఢిల్లీ శాసనసభ ఎన్నికలప్పుడు మురికివాడల్లో ఎమ్మెల్యేల పనితీరు నివేదికలను పంచి అభిజిత్ బెనర్జీ బృందం పరిశీలించింది. పోలింగ్ కొంత పెరిగింది, బాగా పనిచేసిన ఎమ్మెల్యేలకు మేలు జరిగింది, డబ్బు ప్రభావం కొంత తగ్గింది. బెనిన్, బ్రెజిల్, మెక్సికో, ఉగాండా, బుర్కినాఫాసో దేశాల్లో ఒకే పద్ధతిలో చేసిన ప్రయోగాలను 2019లో కలిపి చూస్తే మాత్రం అలాంటి సమాచారం ఓటును పెద్దగా మార్చలేదని తేలింది. రెండు ఫలితాలూ నిజమే కావచ్చు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎంత సూటిగా చెప్పారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మన దగ్గర ఈ వాదాన్ని ఇబ్బందిపెట్టేది డబ్బు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో 86.64 శాతం, 2022 నవంబర్ 3న మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతానికి పైగా పోలింగ్ జరిగింది. ఈ రెంటిలోనూ డబ్బు పంపిణీపై ఆరోపణలు పెద్ద ఎత్తున వచ్చాయి. పోలింగ్ శాతమే కొలమానమైతే మునుగోడు దేశానికే ఆదర్శం కావాలి. అలా చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. హుజూరాబాద్ నియోజకవర్గంలోని కమలాపూర్ మండలం ఇప్పుడు హనుమకొండ జిల్లాలోనే ఉంది, కాబట్టి ఇది వరంగల్‌కు పరాయి విషయం కూడా కాదు.

ఇది సర్కారు పనేనా అనేవారు

నాలుగో వర్గం చిన్నది, కానీ అడిగే ప్రశ్న పెద్దది. ఓటు వేయడం హక్కయితే వేయకపోవడం కూడా హక్కే కదా అని వారంటారు. తప్పనిసరి ఓటింగ్‌ను 1990లో గోస్వామి కమిటీ, 2015లో లా కమిషన్ 255వ నివేదిక వద్దన్నాయి. స్థానిక ఎన్నికలకు గుజరాత్ చేసిన చట్టాన్ని 2015లో ఆ రాష్ట్ర హైకోర్టు నిలిపివేసింది. ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఈ వర్గం వాదనలో బలమైన భాగం మరొకటి. పోలింగ్ పెంచిన కలెక్టర్లకు జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు అవార్డులొస్తాయి. లక్ష్యం శాతమైనప్పుడు కింది సిబ్బంది శ్రమ అటే పోతుంది. పేరు తొలగిన ఒక్క మనిషిని వెతికి పట్టుకున్న బూత్ స్థాయి అధికారికి (బీఎల్వో) మాత్రం ఆ స్థాయి గుర్తింపు రాదు. ఆమె సాధారణంగా అంగన్‌వాడీ టీచరో, బడిపంతులమ్మో. తన అసలు పని మీద ఇది అదనపు పని.

ఒక ఊరు, నాలుగు సరిహద్దులు

ఈ నాలుగు వాదాల్లోనూ పెద్దగా కనిపించనిది ఒకటుంది. ఏ ఎన్నికలో ఏ నియోజకవర్గం, ఎవరు రిటర్నింగ్ అధికారి, ఎప్పటిదాకా పోలింగ్ అన్న అతి మామూలు సమాచారం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇది చిన్న విషయం కాదు.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ ముక్కలైంది. 2019లో ములుగు వేరుపడింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. నియోజకవర్గాలు మాత్రం 2008 పునర్విభజన నాటివే. నర్సంపేట వరంగల్ జిల్లాలో ఉంది, లోక్‌సభకు మహబూబాబాద్. తొర్రూరు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, పాలకుర్తి శాసనసభ ద్వారా లోక్‌సభకు వరంగల్. స్టేషన్ ఘన్‌పూర్ జనగామ జిల్లాలో ఉండి వరంగల్ లోక్‌సభ కిందికి వస్తుంది, జనగామ పట్టణం భువనగిరి కిందికి పోతుంది. పీవీ నరసింహారావు సొంతూరు వంగర ఉన్న భీమదేవరపల్లి మండలం హనుమకొండ జిల్లాలో ఉండి కరీంనగర్ లోక్‌సభకు ఓటేస్తుంది. 1984లో పీవీ ఓడిపోయిన హన్మకొండ లోక్‌సభ స్థానం 2009 నుంచి లేనే లేదు.

2024 మే 13న పోలింగ్ వేళలూ ఒకటిగా లేవు. ఎండల వల్ల రాష్ట్రంలో సాయంత్రం 6 దాకా గడువిచ్చారు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలన్న కారణంతో 13 శాసనసభ సెగ్మెంట్లలో 4కే ముగించారు. వరంగల్ లోక్‌సభ పరిధిలోని ఏడింటిలో భూపాలపల్లి ఒక్కటే ఆ జాబితాలో ఉంది. ఒకే ఎంపీని ఎన్నుకునే ఓటర్లకు రెండు గడియారాలన్న మాట. ఇలాంటి చోట సెలబ్రిటీ వీడియో కంటే ఊళ్లో దండోరా పనికొస్తుంది.

ఓటరు స్లిప్ కథ కూడా అలాంటిదే. ఒకప్పుడు పార్టీల కార్యకర్తలు పంచే చీటీల స్థానంలో బీఎల్వోలు ఇంటికి తెచ్చిచ్చే అధికారిక స్లిప్ వచ్చింది. కొంతకాలం ఫొటో ఉన్న స్లిప్ చూపిస్తే ఓటేయనిచ్చారు. 2019 నుంచి అది గుర్తింపుగా చెల్లదు, కార్డో, ఆధారో, ఉపాధి హామీ జాబ్‌కార్డో, మరో అనుమతించిన పత్రమో వెంట ఉండాలి. నియమం మారిన సంగతి ఓటరుకు తెలిసేది చాలాసార్లు బూత్ గుమ్మం దగ్గరే.

పట్టభద్రులు తప్పిన పరీక్ష

మొదట చెప్పుకున్న ఎన్నికకు మళ్లీ రావాలి, ఎందుకంటే ఈ చర్చలో ఇంత స్పష్టమైన ఆధారం మరొకటి దొరకదు. 2021 మార్చిలో ఇదే స్థానానికి 71 మంది పోటీపడ్డారు. బ్యాలెట్ దినపత్రికంత సైజులో వచ్చింది. అప్పుడూ 21 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. మూడేళ్ల తర్వాత 52 మందే పోటీలో ఉన్నారు, ఓటర్ల సంఖ్యా తగ్గింది. చెల్లని ఓట్లు మాత్రం పెరిగాయి.

ఈ ఎన్నికలో యంత్రం ఉండదు. అభ్యర్థి పేరుకు ఎదురుగా 1 అంకె వేయాలి, ఇష్టముంటే 2, 3 అంటూ పోవచ్చు. అధికారులిచ్చిన పెన్నుతోనే వేయాలి. అంకెకు బదులు టిక్కు పెట్టినా, అక్షరాల్లో రాసినా, ఇద్దరికి 1 వేసినా, ఒకే పేరుకు ఎదురుగా 1, 2 రెండూ వేసినా, సంతకం లాంటి గుర్తు ఏది పెట్టినా ఓటు చెల్లదు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో బటన్ నొక్కే అలవాటున్న వారికి ఆరేళ్లకోసారి వచ్చే ఈ పద్ధతి కొత్తే.

చెల్లని ఓట్లన్నీ తెలియకనే పోయాయని తీర్మానించడం తొందరపాటు. బ్యాలెట్ మీద డిమాండ్లు రాసేవారు, నిరసన తెలిపేవారు ఎప్పుడూ ఉంటారు. వారెందరు, పొరపాటు చేసినవారెందరు అన్నది ఫలితాల పత్రాల్లో ఉండదు. చెల్లని బ్యాలెట్లను కారణాల వారీగా వేరుచేసి ప్రచురిస్తే వచ్చే ఎన్నికకు ఏం చెప్పాలో తెలుస్తుంది. ఇది పెద్ద ఖర్చయ్యే పని కాదు. స్వీప్ మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే సర్వే ఉండదేమో.

నిజామాబాద్‌లో 2019లో జరిగింది దీనికి పూర్తి వ్యతిరేకం. పసుపు, ఎర్రజొన్న రైతులు నిరసనగా నామినేషన్లు వేయడంతో 185 మంది అభ్యర్థులయ్యారు. ఒక్కో కేంద్రంలో వరుసగా 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టి ఎన్నిక నడిపారు. అక్కడ అధికారులు ‘ఓటేయండి’ అన్న పిలుపు పక్కనపెట్టి, యంత్రాల నమూనాలు చూపించి ఏ గుర్తు ఎక్కడుంటుందో చెప్పాల్సి వచ్చింది. అవసరం తరుముకొస్తే పద్ధతి నేర్పడం సాధ్యమేనని అది చూపింది.

పక్కపక్కన పెట్టి చూస్తే

పోలింగ్ వాదులు గెలుపును శాతంలో కొలుస్తారు. వారి బలం ఊపు, బలహీనత కారణం చూపలేకపోవడం. జాబితా వాదులు తప్పిపోయిన పేర్లలో కొలుస్తారు. వారి వాదానికి 2018 సాక్ష్యం ఉంది, అయితే పేరున్నా బూత్‌కు రాని నగర ఓటరు గురించి వారు చెప్పేది తక్కువ. ఎంపిక వాదులకు కోర్టు తీర్పులు అండగా ఉన్నాయి, క్షేత్రంలో ఫలితాలు మిశ్రమం. నాలుగో వర్గం పరిష్కారం చూపదు, కానీ అవార్డులు, లక్ష్యాల యావను అదుపులో పెట్టాలని గుర్తుచేస్తుంది. నాలుగింటిలో వరంగల్ అనుభవానికి దగ్గరగా ఉన్నది జాబితా వాదమే. దానికి ఓటు వేసే పద్ధతి నేర్పడం జోడిస్తే ఇక్కడి లోటు చాలావరకు తీరుతుంది. ఓటేయాలన్న కోరిక ఇక్కడి పల్లెల్లో ఎన్నడూ కొరవడలేదు, 1952లోనూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇంకా తేలనివి

వలస వెళ్లిన మనిషి ఓటెక్కడ? 2022 డిసెంబర్‌లో సంఘం రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనా ప్రకటించింది, చాలా పార్టీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగింది. ఛత్తీస్‌గఢ్ నుంచి ములుగు, భూపాలపల్లి అడవుల్లోకి వచ్చి స్థిరపడిన గొత్తికోయల నివాసాన్ని ఎలా నిర్ధారించాలన్నది మరో చిక్కు. లంబాడా తండాల్లో, కోయగూడేల్లో సమాచారం ఏ భాషలో వెళ్లాలన్నది కూడా నిజంగా ఎవరూ పట్టించుకోని విషయం. లంబాడాల భాష గోర్ బోలికి సొంత లిపి వాడుకలో లేదు. అక్కడ కరపత్రం కంటే మాట పనిచేస్తుంది, తండా మనిషే చెబితే ఇంకా పనిచేస్తుంది.

చివరిది సంఘం తన గురించి తాను ఇచ్చే సమాచారం. 2024 ఏప్రిల్‌లో అబద్ధపు ప్రచారాన్ని తిప్పికొట్టడానికి అపోహలు-వాస్తవాల రిజిస్టర్ ప్రారంభించింది. మంచి పని. అదే ఎన్నికల్లో విడతల వారీ పోలింగ్ లెక్కలు ఆలస్యం కావడంతో బూత్‌ల వారీ ఓట్ల లెక్క ఉండే ఫారం-17సీ వివరాలు వెల్లడించాలని కొందరు కోర్టుకెళ్లారు. ఎన్నికల మధ్యలో జోక్యానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆ ఏడాది డిసెంబర్‌లో నిబంధనలు సవరించి సీసీ కెమెరా దృశ్యాల వంటివి ప్రజలకు అందే వీలును తగ్గించారు. ఓటరును తెలుసుకోమని చెప్పే సంస్థ తన కాగితాలు దాచుకుంటే ఎంత ప్రచారం చేసినా అనుమానం మిగులుతుంది.

వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానం గడువు 2027 మార్చితో ముగుస్తుంది. ఆ ఎన్నికకు జాబితా మళ్లీ మొదటి నుంచి తయారవుతుంది, అర్హతా తేదీ నవంబర్ 1. గతంలో పేరున్నవారు కూడా ఫారం-18 కొత్తగా ఇవ్వాలి. డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండినవారు దరఖాస్తు చేసుకోండి, జాబితాలో పేరు చూసుకోండి, బ్యాలెట్ చేతికొచ్చాక అధికారి ఇచ్చిన పెన్నుతో అంకె మాత్రమే వేయండి.